ఉపాధికి ఊతం మృదు నైపుణ్యాలు: ఇంగ్లీషు ఒక్కటే అర్హత కాదు

డిగ్రీ పట్టా, ఐ.టి.ఐ. సర్టిఫికెట్, మంచి మార్కుల జాబితా చేతిలో ఉన్నప్పటికీ ఉద్యోగ మేళాలో మౌఖిక పరీక్ష దాకా వెళ్ళి వెనుదిరుగుతున్న యువతీ యువకులు ప్రతి జిల్లాలోనూ కనిపిస్తారు. మరికొందరు ఎంపికై నగరానికి వెళ్ళి, నెల తిరగకుండానే ఊరి బాట పడుతున్నారు. వీరిలో చాలా మందికి చదివిన విషయంలో లోటు లేదు. తెలిసినది స్పష్టంగా చెప్పడం, తెలియనిది సంకోచం లేకుండా అడగడం, అప్పగించిన పనిని చెప్పిన వేళకు పూర్తి చేయడం, నలుగురితో కలసి పనిచేయడం, ఒత్తిడి ఎదురైనప్పుడు నిలదొక్కుకోవడం వంటి అంశాల్లో వీరికి తగిన అభ్యాసం లభించలేదు. ఈ అంశాలనే మృదు నైపుణ్యాలని, వాడుకలో సాఫ్ట్ స్కిల్స్ అని వ్యవహరిస్తున్నారు.

ఈ నైపుణ్యాల ఆవశ్యకతను నేడు ఎవరూ కాదనడం లేదు. అయితే వీటిని ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడటంతో సమానంగా పరిగణించే అపోహ విద్యార్థుల్లోనూ, తల్లిదండ్రుల్లోనూ, కొన్ని శిక్షణ కేంద్రాల్లోనూ బలంగా నాటుకుంది. ఈ అపోహ వల్ల అధికంగా నష్టపోతున్నది తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థులు, తమ కుటుంబంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కిన తొలితరం విద్యావంతులు. ఇంగ్లీషు రాదు గనుక తమకు ఏ నైపుణ్యమూ లేదని వారు ముందే నిర్ణయించుకుంటున్నారు. ఈ నేపథ్యంలో మృదు నైపుణ్యాల స్వరూపం, ఉద్యోగ జీవితంలో వాటి విలువ, వాటిని అలవరచుకునే మార్గాలు, శిక్షణలో పాటించవలసిన జాగ్రత్తలను వివరంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

మృదు నైపుణ్యాలంటే ఏమిటి?

ఈ పదబంధం పుట్టింది వాణిజ్య రంగంలోనో, సమాచార సాంకేతిక రంగంలోనో కాదు, సైనిక శిక్షణలో. యంత్రాలను, ఆయుధాలను నడపడంలో ఇచ్చే శిక్షణను ఎలా రూపొందించాలో అమెరికా సైన్యానికి బాగా తెలుసు. మనుషులతోనూ, కాగితాలతోనూ వ్యవహరించవలసిన పనులకు శిక్షణ ఎలా ఇవ్వాలన్నదే వారికి సమస్యగా మారింది. ఈ విషయాన్ని చర్చించేందుకు 1972 డిసెంబరులో టెక్సాస్ రాష్ట్రంలోని ఫోర్ట్ బ్లిస్ సైనిక కేంద్రంలో ఒక సదస్సు జరిగింది. యంత్రాలతో సంబంధం అంతగా లేని ఈ పనులకు సంబంధించిన నైపుణ్యాలను అక్కడ సాఫ్ట్ స్కిల్స్ అని పేర్కొన్నారు. మృదువు అన్న మాటకు సులభం అని గానీ, అప్రధానం అని గానీ అర్థం లేదన్న సంగతి ఈ చరిత్రను బట్టి స్పష్టమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990వ దశకంలో జీవన నైపుణ్యాల పేరుతో పది అంశాలను గుర్తించింది. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివారి స్థితిని అర్థం చేసుకోవడం, విమర్శనాత్మకంగా ఆలోచించడం, సృజనాత్మకంగా ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యను పరిష్కరించడం, భావాన్ని సమర్థంగా వ్యక్తం చేయడం, సత్సంబంధాలు నెలకొల్పుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం, ఉద్వేగాలను అదుపులో ఉంచుకోవడం ఈ జాబితాలో ఉన్నాయి. వీటికి సమయపాలన, బాధ్యత, జట్టుగా పనిచేయడం వంటి వృత్తిపరమైన అలవాట్లు తోడైతే ఉద్యోగ రంగంలో మృదు నైపుణ్యాలుగా పేర్కొనే వాటి సమగ్ర రూపం వస్తుంది. ఈ పదింటిలో ఏ ఒక్కటీ ఒక నిర్దిష్ట భాషకు పరిమితమైనది కాదన్న విషయం గమనార్హం.

ఇంగ్లీషు వేరు, మృదు నైపుణ్యం వేరు

ఇంగ్లీషు పరిజ్ఞానం వల్ల ఉపాధి అవకాశాలు విస్తృతమవుతాయనడంలో సందేహం లేదు. కాల్ సెంటర్లు, సాఫ్ట్‌వేర్ సంస్థలు, పెద్ద హోటళ్ళు, విమానాశ్రయాలలోని కొలువులకు అది పని ముట్టు వంటిది. కానీ పని ముట్టు చేతిలో ఉన్నంత మాత్రాన పని తీరు తెలిసినట్లు కాదు. ఇంగ్లీషులో గలగలా మాట్లాడుతూ ఎదుటివారి మాట వినిపించుకోని అభ్యర్థికి భాష వచ్చినా భావ వ్యక్తీకరణ రానట్లే. అడిగిన ప్రశ్నను శ్రద్ధగా విని, ఒక్క క్షణం ఆలోచించి, తనకు వచ్చిన నాలుగు మాటల్లోనే సూటిగా సమాధానం చెప్పిన అభ్యర్థికి భాషలో లోటు ఉండవచ్చు గానీ, నైపుణ్యంలో లోటు లేదు.

ఇందుకు తెలుగునాట అందరి కళ్ళ ముందూ ఉన్న నిదర్శనం మహిళా పొదుపు సంఘాలు. క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదాల చెల్లింపు, సక్రమంగా పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలపై ఈ సంఘాలు నడుస్తున్నాయి. సమావేశానికి వేళకు రావడం సమయపాలన. ఎవరికి ముందు అప్పు ఇవ్వాలో చర్చించి తీర్మానించడం సమష్టి నిర్ణయం. వాయిదా చెల్లించలేని సభ్యురాలిని నొప్పించకుండా ఒప్పించడం సంప్రదింపుల నేర్పు. బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని రుణపరిమితి పెంచమని ఆధారాలతో అడగడం భావ వ్యక్తీకరణ. బడి చదువు పూర్తిగా లేని మహిళలు సైతం ఈ నైపుణ్యాలన్నింటినీ తెలుగులోనే, వారం వారం అభ్యాసం ద్వారా నేర్చుకున్నారు. ఆ తల్లుల బిడ్డలు నేడు డిగ్రీ పట్టా పట్టుకొని తమకు సాఫ్ట్ స్కిల్స్ లేవని దిగులు పడవలసిన పని లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెత ఈ గడ్డ మీద పుట్టినదే.

పల్లె విద్యార్థికి సహజంగా అబ్బిన నైపుణ్యాలను గుర్తించి, వాటికి పేరు పెట్టి, వాటిని ఉద్యోగ సందర్భానికి అన్వయించుకోవడం నేర్పడమే శిక్షణలో తొలి మెట్టు కావాలి. వ్యవసాయ పనుల్లో కూలీలను సమకూర్చుకోవడం, ఊరి ఉత్సవానికి చందాలు వసూలు చేసి లెక్క అప్పగించడం, ఇంట్లో పెద్దల అనారోగ్య సమయంలో ఆసుపత్రి వ్యవహారాలు చక్కబెట్టడం వంటి అనుభవాలు దాదాపు ప్రతి అభ్యర్థికీ ఉంటాయి. మౌఖిక పరీక్షలో వీటిని ప్రస్తావించవచ్చునన్న ఆలోచనే చాలా మందికి రాదు.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

మృదు నైపుణ్యాల విలువను ఉపన్యాసాల్లో చెప్పుకోవడమే గానీ కొలిచి చూసినవారు లేరన్న విమర్శ ఒకప్పుడు ఉండేది. ఇటీవలి కాలంలో జరిగిన పరిశోధనలు ఈ లోటును కొంతవరకు తీర్చాయి. వాటిలో తెలుగు రాష్ట్రాలకు పొరుగున ఉన్న బెంగళూరులో జరిగిన అధ్యయనం ముఖ్యమైనది. షాహీ ఎక్స్‌పోర్ట్స్ సంస్థకు చెందిన అయిదు దుస్తుల కర్మాగారాల్లో పనిచేసే మహిళలకు దాదాపు 80 గంటల పాటు మృదు నైపుణ్యాల శిక్షణ ఇచ్చారు. దరఖాస్తు చేసుకున్నవారిలో కొందరిని లాటరీ పద్ధతిలో ఎంపిక చేయడం వల్ల శిక్షణ పొందినవారిని, పొందనివారిని సరిపోల్చి చూడటం సాధ్యమైంది. భావ వ్యక్తీకరణ, సమస్యల పరిష్కారం, నిర్ణయాలు తీసుకోవడం, కాలాన్ని, ఒత్తిడిని నిర్వహించుకోవడం, ఆర్థిక అక్షరాస్యత, ఆరోగ్యం, చట్టపరమైన హక్కులు బోధనాంశాలుగా ఉన్నాయి. ఈ జాబితాలో ఇంగ్లీషు భాషా బోధన లేదు.

శిక్షణ పొందిన మహిళల ఉత్పాదకత గణనీయంగా పెరిగిందని, వారికి మరింత క్లిష్టమైన కుట్టు పనులు అప్పగించారని, అదే వరుసలో పనిచేసే తోటి కార్మికులకు కూడా కొంత మేలు జరిగిందని ఆర్థికవేత్తలు తేల్చారు. శిక్షణకు పెట్టిన ఖర్చుపై సంస్థకు కొద్ది నెలల్లోనే 250 శాతానికి మించిన ప్రతిఫలం లభించింది. ఈ ఫలితాలు 2023లో జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీలో వెలువడ్డాయి. అయితే ఇదే అధ్యయనంలో మరో విషయం కూడా వెల్లడైంది. కార్మికుల వేతనాల్లో పెరుగుదల మాత్రం స్వల్పమే. నైపుణ్యం పెరిగితే ప్రయోజనం కలుగుతుందనడానికి, ఆ ప్రయోజనం దానంతట అదే కార్మికునికి చేరదనడానికి కూడా ఈ అధ్యయనం ఆధారంగా నిలుస్తుంది.

అమెరికాలో 1980 నుంచి 2012 వరకు ఉద్యోగాల తీరును పరిశీలించిన ఆర్థికవేత్త డేవిడ్ డెమింగ్, మనుషులతో ఎక్కువగా మెలగవలసిన ఉద్యోగాల వాటా మొత్తం ఉద్యోగాల్లో దాదాపు 12 శాతం పాయింట్ల మేర పెరిగిందని 2017లో ప్రకటించిన పత్రంలో వివరించారు. గణిత సామర్థ్యం, సామాజిక నైపుణ్యం రెండూ అవసరమైన కొలువుల్లో వృద్ధి ప్రత్యేకంగా కనిపించింది. యంత్రాలు లెక్కలు చేయగలిగిన కొద్దీ, మనుషులను సమన్వయపరచే పనికి గిరాకీ పెరిగిందన్నది ఈ పరిశోధన సారాంశం. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 జనవరిలో విడుదల చేసిన భవిష్యత్ ఉద్యోగాల నివేదికలో సైతం విశ్లేషణాత్మక ఆలోచన ప్రథమ స్థానంలో నిలవగా, ఒడిదుడుకులను తట్టుకొని మార్పుకు అనుగుణంగా మెలగడం, నాయకత్వం తరువాతి స్థానాల్లో నిలిచాయి. కృత్రిమ మేధ కార్యాలయాల్లోకి ప్రవేశిస్తున్న తరుణంలో ఈ అంశాలకు ప్రాధాన్యం మరింత పెరిగింది.

స్వయం ఉపాధికి కూడా ఇది వర్తిస్తుంది. ఆఫ్రికా ఖండంలోని టోగో దేశ రాజధాని లోమేలో 1,500 మంది చిన్న వ్యాపారులపై జరిగిన ప్రయోగ ఫలితాలు 2017లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. లెక్కలు, మార్కెటింగ్ వంటి సంప్రదాయ వ్యాపార శిక్షణ పొందినవారి కంటే చొరవ, ముందుచూపు, పట్టుదల అలవరచే శిక్షణ పొందినవారు మెరుగైన ఫలితాలు సాధించారు. రెండో బృందం లాభాలు 30 శాతం పెరిగాయి. బ్యాంకు రుణంతో కిరాణా కొట్టు, కుట్టు కేంద్రం, పాల డైరీ పెట్టుకోదలచిన యువతకు ఈ అనుభవం ఆలోచింపదగినది.

మౌఖిక పరీక్షలో గమనించేది ఏమిటి?

ప్రైవేటు సంస్థల ఎంపిక ప్రక్రియ సాధారణంగా వ్రాత పరీక్ష, బృంద చర్చ, విషయ పరిజ్ఞానంపై ప్రశ్నలు, చివరగా మానవ వనరుల విభాగం వారి ముఖాముఖి అనే దశల్లో సాగుతుంది. బృంద చర్చలో గట్టిగా మాట్లాడినవారికే మార్కులు పడతాయన్నది మరో అపోహ. ఇతరుల మాటకు అడ్డు తగలకుండా వినడం, ముందు మాట్లాడినవారి అభిప్రాయాన్ని అందిపుచ్చుకొని దానికి కొత్త అంశం చేర్చడం, మౌనంగా ఉన్నవారికి అవకాశం కల్పించడం, దారి తప్పిన చర్చను మళ్ళీ విషయం మీదికి తీసుకురావడం వంటివే ఎంపికదారుల దృష్టిని ఆకర్షిస్తాయి.

ముఖాముఖిలో ఎక్కువగా అడిగే ప్రశ్నలు అభ్యర్థి గతంలో ఏమి చేశాడన్న దానిపై ఉంటాయి. ఒక కష్టమైన పరిస్థితిని ఎలా ఎదుర్కొన్నారో చెప్పమంటే, నేను కష్టపడి పనిచేస్తాను అనే బట్టీ సమాధానం నిలవదు. ఆ సందర్భం ఏమిటి, అందులో తన బాధ్యత ఏమిటి, తాను చేసిన పని ఏమిటి, చివరికి వచ్చిన ఫలితం ఏమిటి అనే నాలుగు మెట్లలో చెప్పిన సమాధానం వినేవారికి నమ్మకం కలిగిస్తుంది. కళాశాల ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో మంచినీటి ఏర్పాట్లు చూసిన విద్యార్థి ఆ విషయాన్ని ఈ నాలుగు మెట్లలో చెప్పగలిగితే, అది బాధ్యతకు, ప్రణాళికకు, జట్టు పనికి ఒకేసారి నిదర్శనమవుతుంది. తెలియని ప్రశ్నకు తెలియదని మర్యాదగా ఒప్పుకోవడం, ఉద్యోగం గురించి తిరిగి ఒకటి రెండు ప్రశ్నలు అడగడం కూడా మంచి అభిప్రాయాన్నే కలిగిస్తాయి. 2020 తరువాత అంతర్జాలం ద్వారా మౌఖిక పరీక్షలు విరివిగా జరుగుతున్నందున, వెలుతురు, నిశ్శబ్దం ఉన్న చోట కూర్చోవడం, కెమెరా వైపు చూసి మాట్లాడటం, అవతలివారి మాట పూర్తయ్యేవరకు ఆగడం కూడా సాధన చేయవలసిన అంశాలే.

ప్రభుత్వ ఉద్యోగాలకు సిద్ధమవుతున్న అభ్యర్థులు తమకు ఇవేవీ అక్కరలేదని భావించడం కద్దు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, గ్రూప్-డి, గ్రూప్-బి నాన్ గెజిటెడ్ ఉద్యోగాల నియామకాల్లో మౌఖిక పరీక్షలను తొలగించిన మాట వాస్తవం. సిఫారసులకు, పక్షపాతానికి తావు లేకుండా ప్రతిభకు పట్టం కట్టడం ఈ నిర్ణయం ఉద్దేశం. కానీ ఎంపికలో మౌఖిక పరీక్ష లేనంత మాత్రాన ఉద్యోగంలో మనుషులు లేకుండా పోరు. గ్రామ కార్యాలయంలో, ఆసుపత్రిలో, పోలీసు స్టేషన్‌లో పౌరుని మాట ఓపికగా వినే ఉద్యోగి ఉంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. వ్రాత పరీక్ష ద్వారా ఎంపికైన ఉద్యోగికి ప్రవేశ శిక్షణ కాలంలోనే ఈ నైపుణ్యాలను నేర్పడం అందువల్ల మరింత అవసరమవుతుంది.

ఉద్యోగంలో నిలదొక్కుకోవడం

ఉద్యోగం సంపాదించడం ఒక ఎత్తు, అందులో నిలవడం మరో ఎత్తు. గ్రామం నుంచి తొలిసారి హైదరాబాద్, చెన్నై, బెంగళూరు నగరాలకో, శ్రీసిటీ, అచ్యుతాపురం వంటి పారిశ్రామిక ప్రాంతాలకో వెళ్ళిన యువతకు మొదటి మూడు నెలలు పరీక్షా కాలం. షిఫ్టు వేళలు, అలవాటు లేని భోజనం, ఇరుకు గది, సూపర్‌వైజరు కరకు మాట, చేతికి వచ్చిన జీతంలో అద్దె పోగా మిగిలే స్వల్ప మొత్తం కలసి వారిని కుంగదీస్తాయి. సెలవు అడగడానికి భయపడి చెప్పకుండా ఊరికి వెళ్ళిపోవడం, తిరిగి వచ్చాక ముఖం చూపలేక ఉద్యోగమే మానుకోవడం వంటి సంఘటనలు శిక్షణ సంస్థలకు అనుభవమే. ఒక్క ఫోన్ కాల్, ఒక్క అర్జీ, ఒక్క సూటి మాట ఉద్యోగాన్ని కాపాడగల సందర్భమది. ఆ మాట చెప్పగల ధైర్యం మృదు నైపుణ్యాల్లో మొదటిది.

ఇదే సందర్భంలో వినయానికి, అణకువకు మధ్య గల తేడాను కూడా యువతకు బోధించవలసి ఉంది. పై అధికారి మాట వినడమంటే అన్యాయాన్ని సహించడమని అర్థం కాదు. నియామక పత్రం అడగడం, జీతం చీటీలోని కోతల గురించి ప్రశ్నించడం, భద్రతా పరికరాలు కోరడం, లైంగిక వేధింపులపై సంస్థలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి తెలియజేయడం కూడా మర్యాదగా, స్థిరంగా మాట్లాడగలిగిన వారికే సాధ్యమవుతుంది. ముఖ్యంగా ఇల్లు విడిచి వెళ్ళే యువతులకు ఈ అంశాల్లో ముందస్తు అవగాహన అత్యవసరం.

ప్రభుత్వాల కృషి

నాస్కామ్, మెకిన్సే సంస్థలు 2005లో సంయుక్తంగా విడుదల చేసిన నివేదిక ప్రకారం, భారతీయ ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో సుమారు నాలుగో వంతు మంది, సాధారణ డిగ్రీ పట్టభద్రుల్లో 10 నుంచి 15 శాతం మంది మాత్రమే విదేశీ సంస్థలకు సేవలందించే ఐ.టి., బి.పి.ఒ. రంగాలకు నేరుగా సరిపోతారు. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జవహర్ నాలెడ్జ్ సెంటర్లు ఏర్పాటయ్యాయి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ఈ కేంద్రాల ద్వారా భావ వ్యక్తీకరణ, విశ్లేషణ సామర్థ్యం, కంప్యూటర్ పరిజ్ఞానంలో శిక్షణ ఇచ్చి ప్రాంగణ నియామకాలకు విద్యార్థులను సిద్ధం చేశారు. గ్రామీణాభివృద్ధి శాఖ ఆధ్వర్యంలో ఏర్పడిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ పేద కుటుంబాల యువతకు ఇంగ్లీషు, కంప్యూటర్, మృదు నైపుణ్యాలను కలిపి నేర్పి ఉద్యోగాలతో అనుసంధానం చేసింది.

రాష్ట్ర విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, తెలంగాణలో టాస్క్‌గా వ్యవహరించే తెలంగాణ అకాడమీ ఫర్ స్కిల్ అండ్ నాలెడ్జ్ ఈ కృషిని చేపట్టాయి. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 విద్యా సంవత్సరంలో ప్రవేశపెట్టిన సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళికలో జీవన నైపుణ్యాల కోర్సులతో పాటు సమాజసేవా ప్రాజెక్టుకు, ఇంటర్న్‌షిప్‌కు స్థానం కల్పించింది. తెలంగాణలో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ ఏర్పాటుకు 2024లో చట్టం చేశారు.

జాతీయ స్థాయిలో 2014 సెప్టెంబరు 25న ప్రారంభమైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో వృత్తి శిక్షణతో పాటు మృదు నైపుణ్యాలు, ఇంగ్లీషు, కంప్యూటర్ పరిజ్ఞానాన్ని తప్పనిసరి చేశారు. శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపాలన్న నిబంధన విధించారు. ఐ.టి.ఐ.లలో ఎంప్లాయబిలిటీ స్కిల్స్ తప్పనిసరి పాఠ్యాంశమైంది. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2019లో జీవన్ కౌశల్ పేరుతో డిగ్రీ విద్యార్థులకు ప్రత్యేక పాఠ్యప్రణాళికను రూపొందించింది. ఇంత జరిగినా కర్తవ్యం ఇంకా మిగిలే ఉంది. యువతలో దాదాపు 51.25 శాతం మందే ఉద్యోగానికి తగినవారుగా ఉన్నారన్న అంచనాను 2023-24 ఆర్థిక సర్వే పేర్కొంది.

శిక్షణలో పాటించవలసిన జాగ్రత్తలు

ఈత గురించి ఉపన్యాసం విని ఎవరూ ఈత నేర్చుకోలేరు. మృదు నైపుణ్యాల బోధన కూడా అంతే. వంద మందిని ఒక హాలులో కూర్చోబెట్టి ప్రేరణాత్మక ప్రసంగం వినిపించి, హాజరు పట్టికలో సంతకాలు తీసుకుంటే శిక్షణ పూర్తయినట్లు కాదు. ప్రతి విద్యార్థీ లేచి నిలబడి మాట్లాడే అవకాశం, చేసిన పొరపాటును అవమానం లేకుండా సరిదిద్దే అధ్యాపకుడు, మళ్ళీ ప్రయత్నించే వీలు తప్పనిసరిగా ఉండాలి. చిన్న బృందాలు, నమూనా మౌఖిక పరీక్షలు, క్షేత్ర పర్యటనలు, విద్యార్థులే నిర్వహించే సమావేశాలు ఇందుకు తగిన సాధనాలు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకం శిబిరాలు, ఎన్.సి.సి., క్రీడలు, నాటకం, గ్రంథాలయ చర్చా వేదికలు అదనపు ఖర్చు లేకుండానే ఈ అభ్యాసాన్ని కల్పిస్తాయి.

మొదట తెలుగులో ఆలోచించి, తెలుగులో ధైర్యంగా మాట్లాడటం అలవాటైన తరువాత ఇంగ్లీషును క్రమక్రమంగా ప్రవేశపెట్టడం మేలైన పద్ధతి. భాష భయం, సభా భయం రెండూ ఒకేసారి మీద పడితే విద్యార్థి నోరు విప్పడానికే వెనుకాడతాడు. వేషధారణ, టై కట్టుకోవడం, కరచాలనం వంటి బాహ్య అంశాలకు ఎక్కువ సమయం వెచ్చించడం కూడా సరికాదు. శుభ్రమైన దుస్తులు, నిదానమైన నడవడిక చాలు.

శిక్షణ తరగతుల్లో తరచు వినిపించే కొన్ని అంకెల విషయంలోనూ అప్రమత్తత అవసరం. సంభాషణలో మాటల పాత్ర 7 శాతమే, మిగిలినదంతా స్వరం, హావభావాలదే అనే సూత్రం అలాంటిది. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన ప్రయోగాలు ఇష్టాయిష్టాలు, భావోద్వేగాల వ్యక్తీకరణకు మాత్రమే పరిమితమైనవి. అన్ని సంభాషణలకూ వాటిని వర్తింపజేయరాదని ఆయనే స్పష్టం చేశారు. ఉద్యోగ విజయంలో 85 శాతం మృదు నైపుణ్యాలదేనన్న మరో ప్రచారానికి 1918లో కార్నెగీ ఫౌండేషన్ వెలువరించిన ఇంజనీరింగ్ విద్యా నివేదికను ఆధారంగా చూపుతుంటారు. చార్లెస్ మాన్ రూపొందించిన ఆ నివేదికలో ఇంజనీర్లు సాంకేతిక పరిజ్ఞానం కంటే శీలం, వివేచన, కార్యదక్షత, మనుషులను అర్థం చేసుకోవడం వంటి గుణాలకు ముందు స్థానం ఇచ్చిన మాట నిజం. అయితే అది అభిప్రాయ సేకరణే తప్ప, ఉద్యోగ విజయాన్ని కొలిచి తేల్చిన లెక్క కాదు. ఇటువంటి అంకెలను నమ్మి సబ్జెక్టును నిర్లక్ష్యం చేసిన విద్యార్థి రెండు విధాలా నష్టపోతాడు. వెల్డింగు రాని వెల్డరుకు, మందుల పేర్లు తెలియని నర్సుకు మంచి మాట ఒక్కటే అన్నం పెట్టదు.

శిక్షణ పథకాల సమీక్షలో అధికారులు మూడు ప్రశ్నలకు ప్రాధాన్యం ఇవ్వడం సముచితం. ఎంత మంది హాజరయ్యారన్న దానితో పాటు, ఎంత మంది స్వయంగా సాధన చేశారు? ఎంత మందికి నియామక పత్రాలు అందాయన్న దానితో పాటు, మూడు నెలల తరువాత, ఏడాది తరువాత ఎంత మంది కొనసాగుతున్నారు? మానుకున్నవారు ఎందుకు మానుకున్నారు? మూడో ప్రశ్నకు సమాధానం కొన్నిసార్లు అభ్యర్థిలో కాక, కర్మాగారంలోని పరిస్థితుల్లో దొరకవచ్చు. ఉద్యోగాలు తక్కువగా ఉన్న చోట లోపమంతా యువతదేనని తేల్చడం న్యాయం కాదు. అవకాశాల కల్పన ప్రభుత్వం, పరిశ్రమల బాధ్యత కాగా, వచ్చిన అవకాశాన్ని అందుకునే సామర్థ్యం కల్పించడం శిక్షణ బాధ్యత.

నిత్య సాధనే మార్గం

ఉద్యోగార్థులు సొంతంగా చేయగల సాధన కూడా ఎంతో ఉంది. రోజూ దినపత్రికలోని ఒక వార్తను చదివి రెండు నిమిషాల్లో మిత్రునికి వివరించడం, ఆ మాటలను సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకొని విని లోపాలు సరిదిద్దుకోవడం, వారానికి ఒకసారి నలుగురైదుగురు కలసి ఒక అంశంపై చర్చించుకోవడం, చెప్పిన వేళకు అయిదు నిమిషాల ముందే చేరడం, అప్పగించిన పని పూర్తయిందో లేదో అడగకముందే తెలియజేయడం వంటి అలవాట్లకు డబ్బు ఖర్చు కాదు. గ్రామ గ్రంథాలయం, కళాశాల ఆవరణ, ఊరి రచ్చబండ ఇందుకు చక్కని వేదికలు.

పట్టా అభ్యర్థిని సంస్థ గుమ్మం దాకా తీసుకువెళుతుంది. లోపలికి అడుగు పెట్టిన తరువాత అతడిని లేదా ఆమెను నిలబెట్టేవి పనితనం, మాట తీరు, నడవడిక. ఇవి పుట్టుకతో కొందరికే దక్కే వరాలు కావు. నగరవాసులకో, ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికో పరిమితమైన సొత్తు అంతకన్నా కాదు. తగిన వేదిక, ఓపికగల అధ్యాపకుడు, నిత్య సాధన తోడైతే ఏ మారుమూల గ్రామం నుంచి వచ్చిన విద్యార్థి అయినా వీటిని తన సొంతం చేసుకోగలుగుతాడు. ఆ వేదికను ప్రతి కళాశాలలోనూ, ప్రతి శిక్షణ కేంద్రంలోనూ కల్పించడంలో విద్యాసంస్థలు, అధికార యంత్రాంగం, పరిశ్రమలు సమన్వయంతో కృషి చేస్తే నేడు ఉద్యోగ మేళాల నుంచి వెనుదిరుగుతున్న యువతలో ఎందరో రేపు తమ కుటుంబాలకు ఆసరాగా నిలుస్తారు.